నమ్మేలా లేదంటున్నారు

హలో… ఆఁ, నేనేనండీ, దుర్గాశ్రీనే. చెప్పండి గణేష్‌బాబు గారూ.

…లేదండీ, జలుబు కాదు. ఈ మధ్య గొంతు ఇలాగే ఉంటోంది. వాడకం తగ్గింది కదా.

…తెలుసండీ. సీరియల్ ఆఖరి భాగం ఇంకా పంపలేదు. మీ పత్రిక ప్రెస్సుకి వెళ్లే వేళయిందనీ తెలుసు. ఎడిటరు గారు రాజమండ్రి నుంచి ఎస్టీడీ చేసి మరీ అడుగుతుంటే నాకు సిగ్గుగానే ఉంది. కానీ—

…ఉత్తరాలా? చాలా వచ్చాయా?

…సంచి నిండానా. పోనీలెండి, తిట్టడానికైనా చదువుతున్నారు. ఏమంటున్నారు పిల్లలు?

…నమ్మేలా లేదంటున్నారా.

…ఏది? ఏ సంగతి?

…ఆఁ. వెలి వేసిన ఇంటి మీద నీలం దీపం వెలుగుతుందని రాశాను, అది నమ్మారా?… అది నమ్మారు. దీపం దానంతటదే వెలిగితే నమ్మారు గానీ, దీపం చూసి నగరమంతా ఆ ఇంటివాళ్లతో మాట్లాడ్డం మానేసిందంటే నమ్మలేదన్నమాట.

…అవునండీ, నా నగరంలో పోలీసులు లేరు. మర్చిపోయి కాదు, కావాలనే పెట్టలేదు. మీ పాఠకులు పదిహేనేళ్లు, పదహారేళ్లవాళ్లు. వందేళ్ల తర్వాత కథ అంటే వాళ్లకి ఇనప మనుషులుండాలి, ఆకాశంలోంచి కాపలా కాసే కళ్లుండాలి. అవేవీ లేకుండా జనం ఎందుకు వింటారని అడుగుతారు. పిల్లలు అడగడం న్యాయమే. మీరూ అడుగుతున్నారు చూడండి—

…ఎందుకు వింటారంటారా. పాలు పొయ్యడం మానేస్తే చాలండీ. మంగలి రాకపోతే చాలు. పెళ్లిలో పక్క విస్తరి ముందు ఎవరూ కూర్చోకపోతే చాలు. ఎక్కడెక్కడి రాజ్యాల్లోనో జనాన్ని ఒక్క తాటి మీద నిలబెట్టడానికి సైన్యం కావాలేమో. మనకి నలుగురితో నారాయణా సరిపోతుంది.

…నవ్వకండి. నవ్వడానికి అనలేదు.

…రెండోదేంటి?… ఆ, అదా. వెలి నుంచి బయటపడాలంటే ఇంకొకళ్లని వేలు పెట్టి చూపించాలి. 'ఫలానా వాళ్లు కట్టు తప్పి నాతో మాట్లాడారు' అని పెద్దల ముందు చెప్తే, మన ఇంటి మీద దీపం ఆరిపోయి వాళ్ల ఇంటి మీద వెలుగుతుంది. అదేగా?… మరీ అతిగా ఉందంటారా. ఏ సమాజమూ అలాంటి రూలు పెట్టుకోదంటారు… మీకూ అలాగే అనిపించింది… ఆఖరి భాగంలో దాన్ని కాస్త తగ్గించమంటారు.

నేనూ అతి అనుకునే రాశానండీ. ఇంత కిరాతకం ఎవరు నమ్ముతారులే అని రెండు సార్లు కొట్టేసి, మళ్లీ రాశాను.

గణేష్‌బాబు గారూ… మీకు కాస్త తీరికుందా? బిల్లు పెరుగుతుందేమో… అయితే వినండి. మా ఇంట్లోవాళ్లతో తప్ప నేను మనిషన్నవాడితో ఇంతసేపు మాట్లాడి చాలా కాలమైంది. మా ఇంటిని వెలేశారు.

…కథలో కాదండీ. మా ఊళ్లో. మా ఇంటినే.

…లేదండీ, ఆరోగ్యం బాగానే ఉంది. మతి కూడా బాగానే ఉంది. ఫోను ఎందుకు మోగుతోందంటే, ఇది ఊరిది కాదు గనక. టెలిఫోన్ డిపార్ట్‌మెంటుది.

…చెప్తాను. మొదట వేసింది మమ్మల్ని కాదు. మా వీధిలోనే పల్లంరాజు గారని ఉన్నారు. ఆయన వరిచేనుకి నాలుగు పక్కలా రొయ్యల చెరువులైపోయాయి. ఉప్పునీరు ఊరి చేను చచ్చిపోయింది. ఆయన కూడా ఓ చెరువు తవ్వుకుని ఊరుకుంటే గొడవే లేకపోను. తవ్వను, వరే వేస్తానని కలెక్టరు గారికి అర్జీ పెట్టారు. ఇక్కడ చెరువుల కమిటీకి ఒళ్లు మండింది. మొన్న తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యంతా పోయి ఉన్నారేమో, గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకున్నారు. టముకు వేయించారు. పల్లంరాజు గారి ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, పనికి వెళ్లకూడదు, కొట్లో ఉప్పురాయి ఇవ్వకూడదు. అంతే. టముకు వీధి చివరికి చేరేలోపే, మా పక్కింటి వరలక్ష్మమ్మ గారు వాళ్ల ప్రహరీ మీద ఆరేసుకున్న చీర తీసేసుకున్నారు.

…లేదండీ, కర్రలు లేవు, బెదిరింపులు లేవు. అప్పాజీ గారని, కమిటీ ప్రెసిడెంటు. మంచివాడండీ, అదే నా బాధ. నా నగరంలో పెద్దల్ని దుర్మార్గులుగా రాశాను చూశారా, అక్కడ నాది తప్పు. ఈయన ఎవరికి పురుడొచ్చినా తన కారు పంపిస్తాడు. పెళ్లిళ్లలో వడ్డన దగ్గర నిలబడి అడిగి అడిగి తినిపిస్తాడు. మీ పత్రిక కూడా తెప్పించుకుంటాడు.

…ఊఁ, మన సీరియలే. వారం వారం అరుగు మీద నలుగుర్నీ కూర్చోబెట్టి పైకి చదివించుకుంటాడు. మా ఊరి కోడలు రాస్తోందని గొప్ప.

…అక్కడికే వస్తున్నా. వేలు చూపించే భాగం పడింది కదా, ఆ వారం మా వారు కనబడితే ఆపి అన్నాట్ట. 'చిట్టిరాజూ, మీ ఆవిడది బుర్రంటే బుర్ర. మన కట్టుబాట్లో ఉన్న లోటే అది. వెలేస్తాం గానీ ఎత్తెయ్యడానికి దారి లేదు. పాపం వాళ్లు మాత్రం ఎన్నాళ్లు పడుంటారు? మీ ఆవిడ దారి చూపించింది' అని.

…అవునండీ. ఆ రూలు పెట్టేశారు. మీరు అచ్చేసిన వాక్యాన్నే టముకువాడి చేత చెప్పించారు. నేను వంటింట్లో వంకాయలు తరుగుతూ విన్నాను. నా వాక్యాన్ని అంత గట్టిగా ఎవరూ చదవగా నేనెప్పుడూ వినలేదు.

…ఏ సమాజమూ పెట్టుకోదన్నారు కదా. మాది పెట్టుకుంది. దయతో పెట్టుకుంది. మీ పాఠకులకి అలా రాయండి.

…చెప్తున్నా, తొందరపెట్టకండి. మా అమ్మాయి మంజుష తెలుసుగా. ఇంటరు మొదటి సంవత్సరం, భీమవరంలో. పల్లంరాజు గారి లావణ్యా, ఇదీ చిన్నప్పట్నుంచీ ఒకే కంచం ఒకే మంచం. వెలి పడ్డాక బస్సులో లావణ్య పక్క సీటు ఖాళీగా వెళ్లేదట. కిక్కిరిసిన బస్సండీ. జనం కడ్డీలు పట్టుకుని వేళ్లాడేవారు గానీ ఆ సీట్లో కూర్చునేవారు కాదు.

మన సీరియల్లో పిల్ల, లిఖిత, నీలం దీపం ఇంటి ముందు నడివీధిలో నిలబడి గట్టిగా పలకరిస్తుంది చూడండి. వీధిలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంటుంది. అది రాసినప్పుడు మీరే ఫోన్ చేసి మెచ్చుకున్నారు, ఒళ్లు జలదరించిందన్నారు… అవును, అదే. అది మా మంజు చదివింది. చదివి నమ్మింది. నీలం దీపాన్నీ నమ్మకుండా, పెద్దల్నీ నమ్మకుండా, ఆ తలుపులు తెరుచుకోవడం ఒక్కటీ నమ్మింది నా పిచ్చితల్లి.

…బస్సెక్కి, అందరూ చూస్తుండగా 'జరగవే లావణ్యా' అని ఆ సీట్లో కూర్చుంది.

…ఏమీ అవలేదండీ. అదే చెప్తున్నాను, ఏమీ అవలేదు. ఎవరూ లేచి రాలేదు. ఎవరూ తిట్టను కూడా తిట్టలేదు. అంతా కిటికీల్లోంచి చెరువులు చూస్తూ కూర్చున్నారట. రోజూ చూసే చెరువులే. కండక్టరొక్కడు మాట్లాడాడు. ఆయనది నిడదవోలు, మా ఊరి కట్టు తెలీదు. పాసు చూపించమన్నాడు.

…తర్వాతేముంది. లావణ్య కమిటీ ముందుకెళ్లి మా మంజుని చూపించింది.

…అలా అనకండి. ఆ పిల్లని నేను ఒక్క మాట అనను. వాళ్లమ్మకి ఉబ్బసం. రాత్రిళ్లు ఆవిడ ఎగరొప్పుతుంటే ఆర్.ఎం.పి. డాక్టరు వాళ్ల గుమ్మం ముందు నుంచే సైకిలు మీద వెళ్లిపోయేవాడు. ఎవరు మాత్రం ఎంతకని చూస్తారు? ఏడుస్తూనే చూపించిందట. పుర్రచేతి వాటం పిల్ల, ఎడం చెయ్యి ఎత్తింది. 'కుడి చేత్తో అమ్మా, కథలో కుడి చెయ్యి అని ఉంది' అన్నాట్ట అప్పాజీ గారు, మెత్తగానే. చెయ్యి మార్చుకుని మళ్లీ చూపించింది.

…ఉన్నానండీ. లైన్లోనే ఉన్నాను.

…పోలీసులా? వెళ్లారండీ మా వారు. ఎస్సై వచ్చాడు. వీధిలోవాళ్లని వరసాగ్గా పిలిచి అడిగాడు. 'మమ్మల్నెవరూ ఆపలేదండి బాబూ, మాకే మాట్లాడబుద్ధి కావట్లేదు' అన్నారందరూ. ఆయన మాత్రం ఏం చేస్తాడు? పక్కింటివాళ్లతో మాట్లాడి తీరాలని సెక్షను లేదట. కొబ్బరిబొండం తాగి వెళ్లిపోయాడు.

…రాజమండ్రి వచ్చెయ్యమనడం తేలికేనండీ. మీ ఇంట్లో ఓ గది ఇస్తానన్నారు, పెద్ద మాట, మర్చిపోను. కానీ మేం ఇటు బస్సెక్కితే అటు మా మడిలో చెరువు తవ్వడానికి పొక్లెయిను దిగుతుంది. అయినా మా వారు రారు. ఆయనకి కావలసింది ఇంకో ఊరు కాదు, ఈ ఊళ్లోనే మళ్లీ పదిమందిలో కూర్చోవడం. రోజూ సాయంత్రం అరుగు మీద చతుర్ముఖ పారాయణం చేసే మనిషి. ఇప్పుడు ముక్కలు పంచుకుని ఒక్కడే ఆడుకుంటున్నారు.

…సరుకులు ఆయనే భీమవరం వెళ్లి స్కూటరు మీద తెస్తారు. పాలు మాత్రం… ఎవరితోనూ అనకండి. జ్ఞానమ్మని ఒకావిడ తెస్తుంది. కాలవగట్టు మీద పాక, ఒంటి మనిషి, ఒక గేదె. పెరటి దారిన వస్తుంది. కమిటీకి తెలిస్తే ప్రమాదమే, వద్దు జ్ఞానమ్మా అన్నాను. 'నా గేదెకి కమిటీ తెల్దమ్మగారు, పితక్కపోతే అరుస్తాది' అంది. నేను ఎదురుచూసేది పాల కోసం కాదండీ. ఆవిడ కొలిచి పోసేటప్పుడు రెండు మాటలు మాట్లాడుతుంది. గేదె ఈనిందనీ, గట్టు మీద పాము కనిపించిందనీ. వాటికోసం మధ్యాహ్నం నుంచీ పెరట్లో తచ్చాడుతుంటాను. మంజుని అయితే గడ్డం పట్టుకుని పలకరిస్తుంది, 'చిక్కిపోయావేంటి తల్లీ' అని. ఈ ఊళ్లో నా కూతుర్ని ముట్టుకున్న చెయ్యి అదొక్కటే.

…ఆఖరి భాగం ఎందుకు రాయలేదంటే, అదేనండీ. కిందటి వారం లిఖితని పెద్దల ముందు నిలబెట్టి, పేరు చెప్పమన్న చోట ఆపాను కదా. ఇవాళ మా మంజు అక్కడే ఉంది.

…ఇప్పుడే. ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో కూర్చుంటారు కమిటీవాళ్లు. తప్పు చేసిన మనిషే వచ్చి చెప్పాలట, పెద్దవాళ్లు చెప్తే చెల్లదట. మా వారు తీసుకెళ్లారు. చెప్తే ఈ పూటతో వెలి ఎత్తేస్తారు. చెప్పకపోతే ఇదే, ఇలాగే. పిల్ల బస్సెక్కితే పక్క సీటు ఖాళీ. క్లాసులో బెంచీ ఖాళీ. మంజు ఈ మధ్య నిద్దట్లో మాట్లాడుతోందండీ. పగలంతా మూగబోయి, రాత్రి స్నేహితురాళ్లందర్నీ పిలిచి పిలిచి కబుర్లు చెప్తుంది. నేను పక్కన కూర్చుని వింటాను.

…నేనేం చెప్పాననా. చెప్పొద్దన్నాను. వెళ్లేముందు జడ వేస్తూ చెప్పాను, ఎవరి పేరూ చెప్పకమ్మలూ, ఎన్నాళ్లైనా ఇలాగే ఉందాం అని. 'లిఖిత చెప్పదుగా?' అని అడిగింది. చెప్పదన్నాను. 'మరి చెప్పకపోతే ఏమవుతుందమ్మా లిఖితకి?' అంది. ఇంకా రాయలేదన్నాను.

…జనం ఒక్కుమ్మడిగా లేచి దీపాలన్నీ పగలగొట్టాలా. అలా ముగిస్తే నమ్ముతారా మీ పాఠకులు?… నమ్ముతారు. ఊఁ. వాళ్ల ఉత్తరాల్లో అదే అడిగారా. పదహారేళ్ల పిల్ల ఒక్క మాటంటే నగరం కదిలిపోవాలి. ఇన్ని అనుమానాలు పడ్డవాళ్లు దానిని ఒక్కళ్లూ అనుమానించలేదు.

—ఒక్క నిమిషం. ఎవరో పిలుస్తున్నారు… కాదండీ, నన్నే. దుర్గా అని. గోడ అవతల నుంచి. పెట్టెయ్యకండి.

ఆఁ… పిన్ని గారూ… బాగానే ఉన్నానండి… లేదు, ఇంకా కాఫీ పెట్టలేదు… ములక్కాడలా… ఎందుకండీ శ్రమ… సరే… సరేనండి, పంపించండి.

…హలో. వరలక్ష్మమ్మ గారు. చీర తీసేసుకున్నావిడే. వాళ్ల చెట్టు విరగకాసిందట, ములక్కాడలు పంపిస్తానంటున్నారు. మధ్యలో ఏమీ జరగనట్టే, నిన్న సాయంత్రం ఆపిన కబురు ఇవాళ ఎత్తుకున్నట్టే మాట్లాడుతున్నారు.

…మంచి వార్తా? మీకు అర్థం కాలేదు గణేష్‌బాబు గారూ. ఆవిడ నాతో మాట్లాడారంటే వెలి ఎత్తేశారు. ఎత్తేశారంటే మంజు పేరు చెప్పింది.

…ఎవరిదో తెలీదు. స్కూటరు వచ్చింది, ఉండండి.

ఏవండీ… ఏం జరిగింది?… మంజూ, ఇటు రామ్మా. నా వంక చూడు. ఎవర్ని చూపించావు?… మంజూ, తలుపేసుకోకు… మంజూ… మీరు చెప్పండి. ఎవర్ని?… మీరేనా చెప్పమంది?… దారిలోనా?…

…హలో.

…ఉన్నానండీ.

జ్ఞానమ్మని చూపించింది.

…మా వారే దారిలో నేర్పారట. 'వీధిలోవాళ్ల పేరు చెప్తే రేపు మళ్లీ వాళ్లతోనే బతకాలి. జ్ఞానమ్మకైతే పోయేదేముంది, పొలమా పుట్రా' అన్నారట. అప్పాజీ గారు మంచినీళ్లు తెప్పించి ఇచ్చి, 'తొందరేం లేదమ్మా' అన్నాట్ట. అప్పుడు చెప్పింది.

…అబద్ధం కాదుగా. మాతో మాట్లాడింది ఆవిడొక్కతే. నా కూతురు ఉన్న మాటే చెప్పింది. ఇంకెవరి పేరు చెప్పినా అబద్ధమయ్యేది.

…ఏమంటున్నారు?… ఎవరో ఒకరు చెప్పనని నిలబడితే గొలుసు తెగిపోతుందంటారా. తెగుతుందండీ. జ్ఞానమ్మ ఎవర్నీ చూపించదు, నాకు తెలుసు. అందుకని ఆవిడ దగ్గర ఆగిపోతుంది. రేపట్నుంచి ఆవిడ పాలు ఎవరూ కొనరు, గేదెకి గడ్డి ఎవరూ కొయ్యనివ్వరు. మీరు దాన్ని విజయం అని రాయొచ్చు. నిలబడ్డవాళ్లు ఆ తర్వాత ఏం తిన్నారో పిల్లల కథల్లో మనం రాయంగా.

…ఆఖరి భాగం మీ ఇష్టమండీ. దీపాలు పగలగొట్టించండి. మీరే రాసేసి నా పేరు వెయ్యండి… కోపం కాదండీ, ఒట్టు. నాకు రాదింక. వాళ్లు నమ్మేదే వెయ్యండి.

…ఆగండి.

…పెరట్లో ఆవిడే. పాలు తెచ్చింది. కాలవగట్టుకి కబురు ఇంకా చేరినట్టు లేదు, ఆవిడకి తెలీదు. 'అమ్మగారండీ' అంటోంది.

…ఎలా పలకమంటారు? గోడ అవతల వరలక్ష్మమ్మ గారు నిలబడే ఉన్నారు. మా వారు పెరటి గుమ్మానికి అడ్డంగా నిలబడి నా మొహమే చూస్తున్నారు. నేను పలికితే మళ్లీ మా ఇల్లే. మళ్లీ మంజుని అక్కడ నిలబెడతారు. ఈసారి ఎవర్ని చూపిస్తుంది?

…మళ్లీ పిలుస్తోంది. మంజుని కూడా పిలుస్తోంది.

గణేష్‌బాబు గారూ, మీరు పెట్టెయ్యకండి. ఏదో ఒకటి మాట్లాడండి… ఏదైనా సరే. ఆ ఉత్తరాలు చదవండి. నేను ఫోన్లో ఉండి పలకలేదనుకుంటుంది… దయచేసి చదవండి.

…ఆఁ… కాకినాడ నుంచా… తొమ్మిదో తరగతి… ఊఁ… లిఖితంటే ఇష్టమట… ఊఁ… తను కూడా అలాగే చేస్తుందట… వింటున్నానండీ, చదవండి… ఆఁ… ఇంకొకటి చదవండి… ఊఁ… ఊఁ…

…

వెళ్లిపోయింది.

…పాలు గుమ్మంలో పెట్టి వెళ్లింది.

…ఇంకేం లేదండీ. ఉంటాను.